అసోసియేషన్‌లో ముందే కొన్న క్రెడిట్లు మురిగిపోతే: డబ్బు వెనక్కి తెచ్చుకునే దారి

మీ వృత్తి సంఘం పది శిక్షణ తరగతుల ప్యాకేజీ అమ్మింది అనుకుందాం. విడిగా అయితే ఒక్కో తరగతికి 1,500 రూపాయలు, ప్యాకేజీలో 1,200. మీరు 12,000 కట్టి పది క్రెడిట్లు కొన్నారు. ఆరు వాడారు. ఏడాది గడిచిన మర్నాడు లాగిన్ అయి చూస్తే మిగిలిన నాలుగూ కనిపించవు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "వాలిడిటీ అయిపోయింది సార్, సిస్టమే తీసేస్తుంది, మా చేతుల్లో ఏం లేదు" అంటారు.

డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు, ట్యాక్స్ ప్రాక్టీషనర్లు, విశాఖలో ఏ వృత్తివాళ్లకైనా ఏదో ఒక సంఘం ఉంటుంది. శిక్షణ తరగతులు, వెబినార్లు, ఉద్యోగ ప్రకటనలు, మీటింగ్ హాలు గంటలు, వీటిలో దేన్నైనా ముందే డబ్బు కట్టించుకుని క్రెడిట్లుగా అమ్మొచ్చు. గడువు దాటితే చాలామంది "నాలుగైదు వేలే కదా, మనవాళ్లతో గొడవెందుకు" అని వదిలేస్తారు. వదలొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను లెక్కల పనిలో ఉన్నవాడిని కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సభ్యుడు డబ్బు కట్టి ఇంకా వాడుకోని క్రెడిట్ సంఘానికి ఆదాయం కాదు, సంఘం అతనికి ఉన్న బాకీ. క్యాలెండర్‌లో తేదీ మారినంత మాత్రాన బాకీ తీరిపోదు. బయటి దుకాణం ఇలా చేస్తే ఇంకో దుకాణానికి వెళ్తాం. వృత్తి సంఘాన్ని అలా మార్చుకోలేం, చాలా వృత్తులకు ఊళ్లో ఒక్కటే సంఘం. పైగా అది మనదే. చందా మనది, ఓటు మనది. అందుకే సంఘం బయటి వ్యాపారి కంటే మెరుగ్గా ఉండాలని అడిగే హక్కు మనకు ఉంది.

1. మీ దగ్గర ఉన్నది ఏ రకం క్రెడిట్?

మూడు రకాలు ఉంటాయి, వాటిని కలిపేస్తే మీ వాదన మొదటి నిమిషంలోనే పడిపోతుంది. హాజరైనందుకు వచ్చే అర్హత గంటలు ఒక రకం. డాక్టర్లు ఐదేళ్లలో 30 గంటల సీఎంఈ (నిరంతర వైద్య విద్య) పూర్తి చేయాలన్న నియమం లాంటివి దీని కిందికి వస్తాయి. వీటికి కాలపరిమితి ఉండటం న్యాయమే, ఎందుకంటే మీ పరిజ్ఞానం తాజాగా ఉందని చూపించడానికే అవి ఉన్నాయి. వాటికీ ఈ గొడవకూ సంబంధం లేదు. రెండో రకం, సంఘం ఉచితంగా ఇచ్చిన బోనస్ క్రెడిట్లు. కొత్త సభ్యుడికి రెండు ఉచితం లాంటివి. వాటికి గడువు పెట్టినా పెద్దగా అభ్యంతరం చెప్పలేం. మూడో రకం, మీరు రూపాయలు కట్టి కొన్నవి. మన పోరాటం వీటి గురించే.

"పది కొంటే రెండు ఉచితం" అని అమ్మితే మాత్రం ఆ రెండూ ఉచితం కాదు. పన్నెండు కలిపి ఒక ధరకు కొన్నట్టే లెక్క వేసుకోండి.

ఇంకో చిన్న విషయం. వేర్వేరు తేదీల్లో కొని ఉంటే, మీరు వాడినప్పుడు ముందు ఏవి తగ్గించారో చూడండి. గడువు దగ్గర పడినవి ముందు తగ్గాలి. కొత్తవి తగ్గించి పాతవి మురిగిపోనిచ్చినట్టు కనిపిస్తే, మిగతా వాదనలేవీ అవసరం లేకుండానే ఆ లెక్క సరిచేయమని అడగొచ్చు.

2. కాగితాలు పోగేయండి

రసీదు లేదా ఇన్‌వాయిస్, యూపీఐ లావాదేవీ నంబరు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్, ఏ క్రెడిట్ ఏ రోజు వాడారో చూపించే పేజీ, గడువు గురించి వచ్చిన మెసేజ్‌లు ఉంటే అవి. అన్నిటికంటే ముఖ్యం, మీరు కొన్న రోజున ఉన్న నిబంధనలు. ఈరోజు వెబ్‌సైట్‌లో ఉన్నవి కాదు. కొన్నప్పుడు గడువు మాట ఎక్కడా లేక తర్వాత చేర్చి ఉంటే మీ చేయి పైనే ఉన్నట్టు. అప్పటి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన పోస్టర్, బ్రోచర్ ఫొటో, ఈమెయిల్ ఏదైనా పనికొస్తుంది. మీ దగ్గర లేకపోతే అదే బ్యాచ్‌లో కొన్న తోటి సభ్యులను అడగండి. ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంటుంది.

సంఘం ఏ చట్టం కింద నడుస్తోందో కూడా తెలుసుకోండి. స్థానిక సంఘాల్లో చాలావరకు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటాయి. కొన్ని కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద, అంటే లాభాపేక్ష లేని కంపెనీలుగా ఉంటాయి. పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సంస్థ అయితే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి లెక్కలు అడగొచ్చు. రిజిస్టర్డ్ సొసైటీ అయితే నియమావళి కాపీ తెచ్చుకోండి. బైలాస్ అని అడిగితే ఆఫీసులో వెంటనే అర్థమవుతుంది.

3. ఆ గడువులో వాడుకోవడం నిజంగా కుదిరేదేనా?

ఇక్కడ తొందరపడకండి, మీ కేసు బలమంతా ఇందులోనే ఉంది. "ఏడాది టైమిచ్చాం, మీరే వాడుకోలేదు" అన్న మాట వినడానికి సమంజసంగానే ఉంటుంది. దానికి జవాబు మీ కోపంతో చెప్పలేరు, సంఘం సొంత క్యాలెండర్‌తోనే చెప్పాలి.

మీ గడువు కాలంలో సంఘం నడిపిన కార్యక్రమాలన్నీ తేదీ, వారం, సమయం, చోటుతో ఒక కాగితం మీద రాయండి. మీ విభాగానికి సంబంధం లేనివి కొట్టేయండి. సీట్లు నిండిపోయి మీకు దొరకనివి, రద్దయినవి, వాయిదా పడినవి కొట్టేయండి. క్రెడిట్లు చెల్లవు, విడిగా కట్టాలి అన్నవి కూడా కొట్టేయండి. ఇలాంటివి ఉంటాయి, పెద్ద వక్త వచ్చిన రోజున ప్యాకేజీ పనిచేయదంటారు. మిగిలినవి లెక్కపెట్టండి. పది క్రెడిట్లు అమ్మి, మీరు వాడుకోగలిగే కార్యక్రమాలు ఏడే పెట్టి ఉంటే, మూడు క్రెడిట్లు అమ్మిన రోజునే పనికిరానివి. మీరు ఎంత శ్రద్ధగా ఉన్నా అవి మిగిలేవే.

తర్వాత మీ పరిస్థితి రాయండి. మన జిల్లాల్లో సంఘం పేరుకు ఉత్తరాంధ్ర మొత్తానిది, కార్యక్రమాలు మాత్రం విశాఖలోని సిరిపురంలోనో, బీచ్ రోడ్ హోటల్లోనో. పార్వతీపురంలో క్లినిక్ నడిపే ఫిజియోథెరపిస్టు మంగళవారం మధ్యాహ్నం మూడింటికి పెట్టిన తరగతికి రావాలంటే ఆ రోజు క్లినిక్ మూసుకోవాలి. నర్సీపట్నం, ఇచ్ఛాపురం వాళ్లదీ ఇదే కథ. గాజువాక వైపు షిఫ్టుల్లో పనిచేసే ఇంజనీరుకు బి-షిఫ్ట్ పడిన వారమంతా సాయంత్రం తరగతులు అందవు. కాన్పు తర్వాత ఇంట్లో ఉన్న డాక్టరమ్మకు, ఆసుపత్రిలో నాన్నను చూసుకుంటున్న ఆర్కిటెక్టుకు ఆ ఏడాదిలో సగం పోయినట్టే.

గడువు రూల్ అందరికీ ఒకటే, నిజమే. కానీ క్రెడిట్లు ఎవరివి మురిగిపోతాయి? దూరంగా ఉన్నవాళ్లవి, షిఫ్టుల్లో ఉన్నవాళ్లవి, చిన్నపిల్లల తల్లులవి, జబ్బుపడినవాళ్లవి. ద్వారకానగర్‌లో ఆఫీసు ఉండి నడిచి వెళ్లగలిగే సీనియర్లవి మురిగిపోవు. అంటే వీలు లేనివాళ్లు వదులుకున్న డబ్బుతో వీలున్నవాళ్లకు ప్యాకేజీ చవకగా అందుతోంది. ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య ఇలా జరగడం నాకు చాలా బాధ కలిగించే విషయం. కార్యవర్గంలో ఎవరూ దీన్ని కావాలని చేయరు. కానీ ఎవరూ లెక్క తీయకపోతే ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తుంది.

చివరగా, సంఘం పనిచేయని రోజులు. మన తీరంలో అక్టోబరు, నవంబరు అంటే తుపాను భయం ఉన్న నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్‌లో హాళ్లే తెరవలేదు. అలాంటి రోజుల్లో గడువు గడియారం ఆగాలి. మీ గడువులో తుపాను హెచ్చరిక వల్ల వాయిదా పడిన కార్యక్రమం ఒక్కటి ఉన్నా తేదీతో రాసిపెట్టుకోండి.

4. ఎంత అడగాలో లెక్క వేయండి

మొత్తం చెప్పకుండా "న్యాయం చేయండి" అని రాస్తే జవాబు కూడా అలాగే గాల్లో ఉంటుంది. పైన చెప్పిన ఉదాహరణే తీసుకుందాం. ఆరు వాడారు, నాలుగు మిగిలాయి.

సంఘం సరిపడా కార్యక్రమాలు పెట్టకపోతే, లేదా గడువు ఉందని అమ్మేటప్పుడు చెప్పకపోతే, మిగిలిన నాలుగింటికీ 1,200 చొప్పున 4,800 అడగండి.

కార్యక్రమాలు బాగానే జరిగాయి, మీ సొంత కారణాల వల్ల కుదరలేదంటే, వాడిన ఆరింటికీ విడి ధర పట్టుకోమనండి. ఆరు 1,500లు 9,000. మిగిలిన 3,000 ఇవ్వమనండి. డిస్కౌంట్ ఇచ్చింది పదీ వాడతారని కాబట్టి ఆ డిస్కౌంట్ వదులుకోవడం సబబే. అంతకు మించి వదులుకోనక్కర్లేదు.

నగదు ఇవ్వడం కష్టమంటే మూడో దారి ఉంది, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. గడువు ధరకు పెట్టాలి, డబ్బుకు పెట్టకూడదు. ఏడాది తర్వాత 1,200 ధర పోతుంది, మీ 4,800 మాత్రం ఖాతాలో రూపాయలుగానే ఉంటాయి. అప్పుడున్న 1,500 ధరకు మూడు తరగతులు వాడుకుంటారు, ఇంకా 300 మిగులుతాయి. హాలు అద్దె, భోజనం ఖర్చు పెరిగాయన్న సంఘం ఇబ్బందీ తీరుతుంది, మీ డబ్బూ పోదు.

మీరు 18 శాతం జీఎస్టీ కూడా కట్టి ఉంటే అది కలిపి అడగాలి. 3,000కు 3,540 అవుతుంది, 4,800కు 5,664. "జీఎస్టీ కట్టేశాం, వెనక్కి రాదు" అంటే, దానికి పద్ధతి ఉందని చెప్పండి. అడ్వాన్స్‌గా తీసుకుని సేవ ఇవ్వకపోతే రిఫండ్ వోచర్ (అడ్వాన్స్ వెనక్కి ఇచ్చినట్టు చూపే కాగితం), ఇన్‌వాయిస్ ఇచ్చి ఉంటే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించినట్టు చూపే కాగితం) ఇవ్వాలి. క్రెడిట్ నోట్‌తో పన్ను సర్దుకోవడానికి, ఆ ఇన్‌వాయిస్ నాటి ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే వీలు. వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేస్తే ఆ తేదీ వరకే. అందుకే ఆలస్యం చేయొద్దు. మీరు ఆ జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని, అంటే మీరు కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకుని ఉంటే దాన్ని వెనక్కి వేయాల్సి ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోండి.

5. ఉత్తరం రాయండి

ముందు ఈమెయిల్, దాని వెంట స్పీడ్ పోస్ట్‌లో కాగితం, డెలివరీ రుజువుతో. కార్యదర్శి పేరున రాసి, కోశాధికారికి ప్రతి పంపండి. గ్రూప్‌లో పెట్టొద్దు. అక్కడ పెడితే పరువు సమస్య అయిపోయి, ఇవ్వాలనుకున్నవాళ్లు కూడా బిగుసుకుంటారు. నమూనా ఇది:

"గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నేను మన సంఘంలో సభ్యుడిని, సభ్యత్వ సంఖ్య ఫలానా. ఫలానా తేదీన 12,000 రూపాయలు, దానిపై జీఎస్టీ కట్టి పది శిక్షణ క్రెడిట్లు కొన్నాను. వాటిలో ఆరు వాడుకున్నాను. మిగిలిన నాలుగింటినీ ఫలానా తేదీన నా ఖాతా నుంచి తొలగించారు. తొలగించే ముందు నాకు ఎలాంటి సమాచారం రాలేదు.

ఈ కాలంలో నా విభాగానికి సంబంధించి, ప్యాకేజీ చెల్లే కార్యక్రమాలు ఏడు మాత్రమే జరిగాయి. వివరాలు జత చేశాను. కాబట్టి నాలుగు క్రెడిట్లను మరో 12 నెలలకు పునరుద్ధరించాలని, వీలుకాకపోతే 5,664 రూపాయలు నా బ్యాంకు ఖాతాకు తిరిగి చెల్లించాలని కోరుతున్నాను. నేను కొన్న రోజున అమల్లో ఉన్న నిబంధనల ప్రతి, నా క్రెడిట్ల వాడకం లెక్క కూడా పంపగలరు.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు, మీ విధేయుడు"

సమాచారం వచ్చి ఉంటే రాలేదని రాయకండి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా ఉత్తరమంతా నీరుగారిపోతుంది.

6. కార్యవర్గంతో మాట్లాడేటప్పుడు

చాలాసార్లు జవాబు రాతలో రాదు, "ఒకసారి ఆఫీసుకు రండి సార్, మాట్లాడుకుందాం" అని ఫోన్ వస్తుంది. వెళ్లండి. ఒక్కరే వెళ్లకుండా ఇదే సమస్య ఉన్న ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి. అక్కడ వినిపించే మాటలు దాదాపు ఇవే.

"రూల్ అందరికీ ఒకటే. మీ ఒక్కరికీ మారిస్తే రేపు అందరూ వస్తారు." దీనికి జవాబు: అందరూ రావాలనే నేనూ కోరుతున్నాను. అందరికీ ఇవ్వాల్సిన డబ్బు అయితే అందరికీ ఇవ్వాలి.

"టిక్ కొట్టి ఒప్పుకున్నారు కదా." ఒప్పుకున్నాం, కానీ బేరమాడే అవకాశం లేని చోట పెట్టించుకున్న ఏకపక్ష షరతును కోర్టులు యథాతథంగా తీసుకోవు. బిల్డర్ ఒప్పందంలోని ఏకపక్ష షరతులు అనుచిత వాణిజ్య పద్ధతి కిందికి వస్తాయని 2019 ఏప్రిల్‌లో పయొనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అయితే 'అన్యాయమైన ఒప్పందం' అనే విభాగాన్నే పెట్టింది. వినియోగదారుడిని నష్టపరిచే అసమంజసమైన షరతు దాని కిందికి వస్తుంది.

"బయట కూడా ఇంతే కదా, ఏ వోచర్‌కైనా గడువు ఉంటుంది." ఇక్కడ ఆర్‌బీఐ మాట చెప్పండి. ప్రీపెయిడ్ వాలెట్లు, కార్డుల మీద 2021 ఆగస్టులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, చివరిసారి డబ్బు వేసిన రోజు నుంచి కనీసం ఏడాది చెల్లుబాటు ఉండాలి. గడువు ముగిసే ముందు 45 రోజుల్లో వినియోగదారుడిని హెచ్చరిస్తూ ఉండాలి. గడువు తీరాక కూడా మూడేళ్ల వరకు ఆ డబ్బును కంపెనీ తన లాభనష్టాల పద్దులోకి మార్చుకోకూడదు. గడువు తర్వాత ఎప్పుడు అడిగినా తిరిగి ఇవ్వాలి. సంఘం తన సేవలకే చెల్లేలా అమ్మే క్రెడిట్లకు ఈ ఆదేశాలు వర్తించవు, ఆ సంగతి మీరే ముందు ఒప్పుకోండి. కానీ లాభం కోసం నడిచే వాలెట్ కంపెనీ పాటించాల్సిన మర్యాదను లాభాపేక్ష లేని మన సంఘం సొంత సభ్యులకు చూపించడానికి అడ్డేమిటని అడగండి. విదేశాల సంగతి కావాలంటే, అమెరికాలో గిఫ్ట్ కార్డు డబ్బుకు కనీసం ఐదేళ్లు, ఆస్ట్రేలియాలో కనీసం మూడేళ్లు గడువు ఉండాలని చట్టం ఉంది.

"ఆ డబ్బు ఖర్చైపోయింది సార్." కోశాధికారి ఈ మాట నిజాయితీగానే అంటారు, నిజంగానే ఖర్చై ఉంటుంది. అసలు సమస్య అక్కడే. ముందుగా తీసుకున్న డబ్బు, సేవ ఇచ్చేదాకా బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు అడ్వాన్స్‌గా ఉండాలి. చాలా చిన్న సంఘాలు డబ్బు అందిన రోజే దాన్ని ఆదాయంగా రాసేసి, ఆ ఏడాది మిగులు చూపించి, దాన్ని బట్టి ఖర్చులు పెడతాయి. ఆ తర్వాత గడువు పొడిగించమంటే వాళ్లకు నష్టంలా కనిపిస్తుంది. అది నష్టం కాదు, మొదట్లోనే తప్పుగా రాసిన పద్దు. ఒకేసారి ఇవ్వలేకపోతే రెండు విడతల్లోనో, వచ్చే ఏడాది చందాలో సర్దుబాటుగానో తీసుకోవడానికి ఒప్పుకోండి. ఏదైనా కాగితం మీద రాయించుకోండి.

ఒక ప్రతిపాదనకు మాత్రం తల ఊపొద్దు. "కొత్త ప్యాకేజీ కొనండి, పాతవి కూడా మళ్లీ యాక్టివ్ అవుతాయి" అంటారు. కొత్తగా కొన్నప్పుడు పాత గడువు పెరగడం మంచిదే. కానీ మీ పాత డబ్బు దక్కాలంటే కొత్త డబ్బు కట్టడమే దారి అయితే, అది మెడ మీద కత్తి పెట్టి అమ్మడమే.

7. సర్వసభ్య సమావేశంలో రూల్ మార్పించండి

మీ నాలుగు క్రెడిట్లు వచ్చేశాక ఆగిపోవద్దని నా విన్నపం. గొంతెత్తినవాళ్లకు ఇచ్చేసి, రూల్‌ను అలాగే ఉంచడం చాలా చోట్ల జరిగే పని. పార్వతీపురం సభ్యురాలికి గొంతెత్తే వీలు ఉండకపోవచ్చు.

మీటింగ్‌కు ముందే, నియమావళిలో చెప్పిన గడువులోపల రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి. గత మూడేళ్లలో ఏ ఏడాది ఎన్ని క్రెడిట్లు అమ్మారు, ఎన్ని వాడారు, ఎన్ని మురిగిపోయాయి? మురిగిపోయిన వాటి డబ్బు ఏ పద్దులో ఉంది? ఇతర ఆదాయం అనే పద్దు ఏటా పెరుగుతూ వస్తుంటే దాని వివరం అడగండి. ఈ రెండు ప్రశ్నలకు అంకెల్లో జవాబు వస్తే సభలో ఎవరూ గట్టిగా అరవాల్సిన పని ఉండదు.

ఆ తర్వాత తీర్మానం ప్రతిపాదించండి. ఇంకో సభ్యుడు బలపరచాలి కాబట్టి ముందే మాట్లాడుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"డబ్బు కట్టి కొన్న క్రెడిట్ల ప్యాకేజీ ధర కొన్న తేదీ నుంచి 24 నెలలు చెల్లుతుంది. ఆ తర్వాత మిగిలిన మొత్తం రూపాయల్లో సభ్యుని ఖాతాలో ఉండి, అప్పటి ధరకు వాడుకోవడానికి వీలుంటుంది, కోరితే తిరిగి చెల్లించబడుతుంది. గడువుకు 90, 30, 7 రోజుల ముందు సభ్యునికి ఫోన్ సందేశం, ఈమెయిల్ పంపాలి. పంపకపోతే గడువు ముగియనట్టే. సంఘం కార్యక్రమాలు ఆగిన రోజులు, సభ్యుని అనారోగ్యం, ప్రసూతి కాలం గడువులో లెక్కించరాదు. క్రెడిట్లను ఇంకో సభ్యునికి బదిలీ చేయవచ్చు. సభ్యుడు మరణిస్తే మిగిలిన మొత్తం నామినీకి చెల్లించాలి. వాడని క్రెడిట్ల మొత్తాన్ని ఏటా బ్యాలెన్స్ షీట్‌లో విడిగా చూపాలి."

బదిలీ అంశాన్ని పట్టుబట్టి పెట్టించండి. సంఘానికి పైసా ఖర్చు లేనిది అదొక్కటే. అయినా ఎక్కువగా తిరస్కరించేదీ అదే.

8. ఏదీ కుదరకపోతే

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు, సంఘానికి రాసి రాజీకి ప్రయత్నిస్తారు. కొన్నిసార్లు అదే చాలు.

తర్వాతిది జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే చోటో, పనిచేసే చోటో ఉన్న కమిషన్‌లో వేయొచ్చు, సంఘం ఆఫీసు ఎక్కడుందన్నది అడ్డు కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫిర్యాదు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా దాఖలు చేయొచ్చు. క్రెడిట్లు తొలగించిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఒకే సమస్య ఉన్న సభ్యులు కమిషన్ అనుమతితో అందరి తరఫున కలిపి వేసే వీలూ ఉంది. ఒక మెలిక మాత్రం గమనించండి. షరతే అన్యాయమైన ఒప్పందమని ప్రకటించమంటే అది రాష్ట్ర కమిషన్ పరిధి. సేవాలోపం, అనుచిత వాణిజ్య పద్ధతి, డబ్బు వాపసు అని అడిగితే జిల్లా కమిషన్ చాలు. చిన్న మొత్తానికి జిల్లా కమిషన్‌లోనే వేయడం మేలు.

అవతలివాళ్లు రెండు అభ్యంతరాలు తెస్తారు. సభ్యుడు వినియోగదారుడు కాదన్నది మొదటిది. సహకార సంఘం సభ్యులు కూడా వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని 2003 డిసెంబరులో తిరుమురుగన్ సహకార పరపతి సంఘం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది సహకార చట్టం గురించిన తీర్పే అయినా మీ వాదనకు ఆసరాగా పెట్టుకోవచ్చు. చందా కాకుండా విడిగా డబ్బు కట్టి కొన్న సేవ అని కూడా నొక్కి చెప్పండి. వృత్తి కోసం కొన్నారు కాబట్టి వాణిజ్య ప్రయోజనమన్నది రెండోది. సేవకూ లాభార్జనకూ దగ్గరి, ప్రత్యక్ష సంబంధం ఉందా, ప్రధాన ఉద్దేశం ఏమిటి అన్నది చూడాలని 2019లో లీలావతి ఆసుపత్రి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు అంది. మీ సొంత నైపుణ్యం కోసం కొన్న తరగతులైతే గట్టిగా వాదించొచ్చు. క్లినిక్‌లో మనుషులను పెట్టుకోవడానికి కొన్న ఉద్యోగ ప్రకటనల క్రెడిట్లైతే వాదన కష్టం, అక్కడ మాట్లాడి తేల్చుకోవడమే ఉత్తమం.

సంఘం నడిచే తీరు మీదే తగాదా అయితే, సొసైటీల చట్టంలోని సెక్షన్ 23 కింద మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లొచ్చు. నాలుగు క్రెడిట్ల కోసం అంత దూరం వద్దు. లెక్కలు చూపించడానికే నిరాకరిస్తే అప్పుడు ఆలోచించండి.

9. మీరే కార్యవర్గంలో ఉంటే

ఈ నెలలోనే పని మొదలుపెట్టొచ్చు. గత మూడేళ్లలో డబ్బు కట్టి వాడుకోని క్రెడిట్లున్న సభ్యుల జాబితా సాఫ్ట్‌వేర్ నుంచి తీయించండి. మొత్తం ఎంతో ఆడిటర్‌తో కూర్చుని తేల్చండి. ఆ జాబితాలో ప్రతి ఒక్కరికీ "మీ ఖాతాలో ఇంత మొత్తం ఉంది, ఫలానా తేదీ వరకు తరగతులకు వాడుకోవచ్చు లేదా తిరిగి తీసుకోవచ్చు" అని తెలుగులో ఒక మెసేజ్ పంపండి. చనిపోయిన సభ్యుల ఇళ్లకు మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. కొత్త ప్యాకేజీల అమ్మకాన్ని, పైన రాసిన తీర్మానం లాంటిదొకటి పాసయ్యేదాకా ఆపండి. శ్రీకాకుళం, విజయనగరం సభ్యుల కోసం వచ్చే మూడు నెలల్లో కనీసం ఒక ఆదివారం తరగతి అక్కడే పెట్టి, పాత క్రెడిట్లు చెల్లుతాయని పోస్టర్ మీద రాయించండి.